చలికాలపు టైరుకు స్టడ్: కొస పదును కన్నా దాన్ని పట్టి ఉంచే రబ్బరే ముఖ్యం

స్వీడన్‌లో ఎం.ఎస్. చేస్తున్న మీరు డిజైన్ ప్రాజెక్టుకు చలికాలపు టైర్ల లోహపు స్టడ్లను, అంటే ఐసు మీద పట్టు కోసం టైరు రబ్బరులో దించే చిన్న మేకుల్లాంటి వాటిని, ఎంచుకున్నారు. కొసను ఇంకా పదునుగా, ఇంకా పొడవుగా చేసి, స్టడ్ల సంఖ్య కూడా పెంచితే ఐసు మీద పట్టు ఎంత పెరుగుతుందని అడిగారు. నేను ఫిన్లాండ్‌లో టైర్లను పరీక్షించే విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. స్టడ్లు, వాటి చుట్టూ ఉండే ట్రెడ్ (టైరులో నేలను తాకే భాగం) రబ్బరు, ఇవే నా పని. మీరు అనుకున్న వాటిలో పొడవు, సంఖ్య అనే రెండు దారులను చట్టం చాలావరకు మూసేసింది. పదును అనే మూడో దారిని ఐసే మూసేస్తుంది. అందుకే నా సలహా: మీ శ్రమలో ఎక్కువ భాగం స్టడ్‌లో బయటికి కనిపించని భాగం మీద పెట్టండి.

ముందు చట్టం సంగతి. ఫిన్లాండ్, స్వీడన్, నార్వేలలో ప్రయాణికుల కార్ల స్టడ్ బరువు 1.1 గ్రాములు దాటకూడదు. కొత్త టైరులో స్టడ్ ట్రెడ్ పైకి 1.2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పొడుచుకు రాకూడదు. దాన్ని ట్రెడ్ మట్టానికి లోపలికి నొక్కడానికి పట్టే బలం 120 న్యూటన్లకు మించకూడదు. 2013 జూలై తర్వాత తయారైన టైర్లకు, దొర్లే చుట్టుకొలతలో మీటరుకు 50 స్టడ్లు అనే హద్దు కూడా ఉంది. అంతకన్నా ఎక్కువ పెట్టాలనుకునే కంపెనీ రోడ్డు అరుగుదల పెరగదని పరీక్షలో రుజువు చేయాలి. రోడ్డులో గ్రానైటు పలకలు పొదిగి, వాటి మీదుగా కారును మళ్లీ మళ్లీ వేగంగా నడిపి, పలకలు ఎంత బరువు కోల్పోయాయో తూచి చూస్తారు. ఈ పరీక్ష నెగ్గి 190 స్టడ్లతో మార్కెట్లోకి వచ్చిన టైర్లూ ఉన్నాయి. కాబట్టి సంఖ్య పెంచాలంటే ఒక్కో స్టడ్ రోడ్డును కొట్టే దెబ్బను తగ్గించాల్సిందే.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. 205/55 ఆర్16 అనే కొలత ఉన్న కారు టైరు ఒక్క చుట్టుకు సుమారు 1.93 మీటర్లు దొర్లుతుంది. మీటరుకు 50 చొప్పున దాదాపు 96 స్టడ్లు. టైరు నేలను తాకే పొడవు 13 సెంటీమీటర్లు అనుకుంటే ఏ క్షణంలోనైనా దాని కింద ఉండేవి ఆరేడు స్టడ్లు మాత్రమే. ఒక్కోటి 120 న్యూటన్లతో నొక్కినా మొత్తం 840 న్యూటన్లు దాటదు. పదిహేను వందల కిలోల కారులో ఒక్కో టైరు మీద దాదాపు 3,700 న్యూటన్ల భారం ఉంటుంది. అంటే మూడొంతులకు పైగా భారం రబ్బరు మీదే పడుతుంది. స్టడ్ గురించి ఆలోచించేటప్పుడు ఈ నిష్పత్తిని ఎప్పుడూ కళ్లముందు ఉంచుకోండి.

మరి ఆ ఆరేడు స్టడ్లు ఎప్పుడు పనికొస్తాయి? మన వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఉష్ణోగ్రత మైనస్ 25 అని చూసి కారు తీయడానికి భయపడతారు. సున్నా దగ్గర ఉన్న రోజున ధీమాగా బయల్దేరతారు. నిజానికి సున్నా దగ్గరే ప్రమాదం ఎక్కువ. ఐసు పైన పలుచని నీటి పొర ఏర్పడి రబ్బరుకు పట్టు దొరకదు. ఘర్షణ గుణకం (పట్టు ఎంత ఉందో చెప్పే అంకె) 0.1కి పడిపోయిందంటే గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగడానికి దాదాపు వంద మీటర్లు కావాలి. అదే 0.15 ఉంటే 65 మీటర్లు చాలు. ఆ తేడాలోనే ఒక జీబ్రా క్రాసింగు, దాని మీద నడిచే పిల్లలు ఉండవచ్చు. సున్నా దగ్గర ఐసు మెత్తగా ఉంటుంది కాబట్టి స్టడ్ బాగా దిగుతుంది. రబ్బరు చేతులెత్తేసే చోట స్టడ్ ఆదుకుంటుందన్నమాట. చలి ముదిరేకొద్దీ ఐసు గట్టిపడి స్టడ్ దిగడం తగ్గుతుంది, కానీ నీటి పొర లేక రబ్బరు పట్టు మెరుగవుతుంది. అందుకే మీ నమూనాను ఒక్క ఉష్ణోగ్రత దగ్గర పరీక్షించి తీర్పు ఇవ్వకండి. కనీసం మైనస్ 2 దగ్గర ఒకసారి, మైనస్ 15 దగ్గర ఒకసారి చూడాలి.

పదును విషయానికి వద్దాం. సూదిలాంటి కొస ఐసులోకి తేలిగ్గా దిగుతుంది, అంతే తేలిగ్గా సన్నని గీత గీసుకుంటూ జారిపోతుంది. మనకు కావలసింది ఐసును అడ్డంగా తోసే ముఖం. గుండ్రటి పిన్ను (స్టడ్ కొసన ఉండే గట్టి ముక్క) కన్నా పలకలు, అంచులు ఉన్న పిన్ను మేలని తయారీదారులు చతురస్రం, షట్కోణం, త్రికోణం వంటి ఆకారాలకు వెళ్లింది ఇందుకే. అయితే అంచులు పెట్టగానే కొత్త చిక్కు వస్తుంది. స్టడ్ రంధ్రంలో తిరిగిపోతే ఆ అంచు మనం అనుకున్న వైపు ఉండదు. అందుకని లోపలి ఫ్లాంజిని (రబ్బరులో దాగి ఉండే స్టడ్ అడుగు వెడల్పు భాగాన్ని) కూడా గుండ్రంగా కాకుండా చేయాలి, స్టడ్ గన్నుతో కొట్టేటప్పుడు దిశ తప్పకుండా చూడాలి. కొసలో మార్చిన ప్రతిదానికీ అడుగున జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఆ అడుగు సంగతే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. సుమారు పదకొండు మిల్లీమీటర్ల స్టడ్‌లో బయటికి కనిపించేది 1.2 మిల్లీమీటర్లే. మిగతాదంతా రబ్బరులో ఉంటుంది. పన్ను ఎంత గట్టిదైనా చిగురు వదులైతే చెరుకు కొరకలేం కదా, ఇక్కడా అంతే. బ్రేకు వేయగానే ఐసు పిన్నును వెనక్కి నెడుతుంది, స్టడ్ ఒక పక్కకు వాలుతుంది. వాలిన స్టడ్ అంచుతో తవ్వదు, భుజంతో జారుతుంది. పదే పదే వాలితే రంధ్రం కోలగా సాగి, ఒకరోజు స్టడ్ ఊడిపోతుంది. దానికి తోడు అపకేంద్ర బలం ఒకటి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో ఈ టైరు అంచు దగ్గర త్వరణం భూమ్యాకర్షణకు దాదాపు 250 రెట్లు. 1.1 గ్రాముల స్టడ్ 270 గ్రాముల బరువు వేలాడినట్టు బయటికి గుంజుతుంది. వెడల్పైన ఫ్లాంజి, బిగువైన రంధ్రం లేకపోతే అది నిలవదు. కొన్ని కంపెనీలు స్టడ్‌ను జిగురుతో రబ్బరుకు అతికించే పద్ధతి కూడా తెచ్చాయి.

ట్రెడ్‌ను రెండు పొరలుగా చేయడంలో ఉద్దేశం ఇదే. పైపొర చలిలోనూ మెత్తగా ఉండి ఐసుకు అతుక్కోవాలి, కింది పొర గట్టిగా ఉండి ఫ్లాంజిని పట్టి ఉంచాలి. కింది పొర మరీ గట్టిదైతే స్టడ్ లోపలికి ఒదగక 120 న్యూటన్ల హద్దు దాటుతుంది, తారురోడ్డును సుత్తిలా కొడుతుంది. మెత్తగా ఉంటే వాలిపోతుంది. ఒకే స్టడ్‌ను రెండు రకాల కింది పొరల్లో పెట్టి గడ్డకట్టిన సరస్సు మీద నడిపినప్పుడు, అనుభవమున్న టెస్టు డ్రైవరు కొలమానాలు చూడకముందే ఏది ఏదో చెప్పేవాడు. పిన్ను ఆకారం మార్చినప్పుడు ఆయనకు అంత స్పష్టంగా తెలిసేది కాదు. స్టడ్‌ను బొటనవేలితో అటూ ఇటూ నెట్టి చూసే అలవాటు నాకు అక్కడే అబ్బింది. ఇప్పటికీ పార్కింగులో ఆగిన కార్ల టైర్ల దగ్గర చెయ్యి ఆగదు.

స్టడ్లను ఎక్కడ అమర్చాలన్నది కూడా డిజైన్‌లో పెద్ద భాగమే. ఒకే గీతలో వరుసగా ఉంటే ముందు స్టడ్ తవ్విన గాడిలో వెనక స్టడ్ ఊరికే పోతుంది. టైరు వెడల్పంతా వీలైనన్ని వేర్వేరు గీతల్లో పరిస్తే ప్రతి స్టడ్‌కూ తాజా ఐసు దొరుకుతుంది. మధ్యలోవి బ్రేకుకు, వేగం పెంచడానికి ఎక్కువ పనిచేస్తాయి, అంచుల్లోవి మలుపుల్లో ఆదుకుంటాయి. మధ్యకూ అంచుకూ వేర్వేరు స్టడ్లు వాడే టైర్లు కూడా ఉన్నాయి. స్టడ్ గీరినప్పుడు రాలే ఐసు పొడి కూడా శత్రువే. రబ్బరు దాని మీద జారుతుంది. స్టడ్ చుట్టూ చిన్న గుంటలు చేసి ఆ పొడికి చోటిస్తే ఫలితం ఉంటుంది. చప్పుడు తగ్గించడానికి స్టడ్ల మధ్య దూరాలను సమానంగా ఉంచరు.

పదార్థం గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. కోబాల్టుతో బంధించిన టంగ్‌స్టన్ కార్బైడు పిన్ను, అల్యూమినియం లేదా ఉక్కు ఒడలు (పిన్నును పట్టుకునే మిగతా స్టడ్), ఇది దశాబ్దాలుగా నిలిచిన జోడీ. మామూలు ఉక్కు మరలు తారుమీద త్వరగా అరిగిపోతాయి, వాటితో కారు టైరు చేయాలని చూడకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పిన్ను, రబ్బరు ఒకే వేగంతో అరగాలి. పిన్ను మరీ గట్టిదై అరగకపోతే రబ్బరు అరిగేకొద్దీ స్టడ్ పొడుచుకు వస్తుంది. వాడిన టైరుకు స్వీడన్‌లో హద్దు 2 మిల్లీమీటర్లు.

ఈ హద్దులు మీకు అడ్డంకుల్లా అనిపిస్తే అవి ఎందుకు వచ్చాయో చదవండి. జపాన్‌లోని సెండాయ్ నగరంలో స్టడ్లు గీరిన రోడ్డు ధూళి ఎంత కమ్ముకుందంటే, ప్రజల ఆందోళన తర్వాత 1990లో దేశం స్టడ్ టైర్లను కట్టడి చేస్తూ చట్టమే చేసింది. జర్మనీ వాటిని 1970ల మధ్యలోనే నిషేధించింది. మీరున్న దేశంలోనే స్టాక్‌హోంలోని హోర్న్స్‌గాటన్ వీధిలో 2010 జనవరి నుంచి స్టడ్ టైర్లకు ప్రవేశం లేదు. వసంతంలో రోడ్లు ఆరగానే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్టడ్ల దెబ్బకు తట్టుకోవాలని జర్మనీలో 1960లలో పుట్టిన స్టోన్ మాస్టిక్ ఆస్ఫాల్ట్ (రాళ్ల పాలు ఎక్కువగా ఉండే గట్టి తారు మిశ్రమం) ఇప్పుడు మన దేశపు రహదారుల ప్రమాణాల్లోనూ ఉంది. స్టడ్ బరువు తగ్గించిన ప్రతి డిజైనరూ ఎక్కడో ఒక బిడ్డ ఆస్తమాను కొంచెం తేలిక చేశాడని నేను నమ్ముతాను. అదే సమయంలో స్టడ్లు ఐసును గరుకుగా ఉంచడం వల్ల స్టడ్లు లేని కార్లకూ మేలు జరుగుతుంది. కాబట్టి పూర్తిగా వద్దనడం నాకు సమ్మతం కాదు, ముఖ్యంగా మీరున్న ఉత్తరాన.

మీ ప్రాజెక్టుకు ఇలా మొదలుపెట్టమంటాను. పిన్ను ఆకారాన్ని మార్చకుండా ఉంచండి. ఫ్లాంజి వెడల్పు, కింది పొర గట్టిదనం, ఈ రెండింటినే మార్చుతూ నాలుగు నమూనాలు చేయండి. రబ్బరు దిమ్మెలో ఒక్క స్టడ్ అమర్చి, అడ్డంగా తోసినప్పుడు ఎంత బలానికి ఎన్ని డిగ్రీలు వాలుతుందో, బయటికి లాగితే ఎంత బలానికి ఊడుతుందో కొలవండి. దీనికి కారు అక్కర్లేదు, కాలేజీలోని తన్యతా పరీక్ష యంత్రం (వస్తువును లాగి బలం కొలిచేది), ఒక ఫ్రీజరు ఉంటే సరిపోతుంది. దిమ్మెను మైనస్ 15కు చల్లబరిచి మళ్లీ కొలవడం మరవకండి, చల్లటి రబ్బరు పూర్తిగా వేరే పదార్థంలా ప్రవర్తిస్తుంది. వచ్చిన గ్రాఫులు ఇక్కడ పెట్టండి, ఏ నమూనాతో ఐసు మీదకు వెళ్లాలో కలిసి చూద్దాం.