పసుపు మరక ఎర్రగా మారిందా? కారు లోపలి క్లీనర్లపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి: కారు లోపల తుడవడానికి ఏ ఆల్ పర్పస్ క్లీనర్ కొనాలి అని. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా కారు సీట్లు లేత గోధుమ రంగు గుడ్డవి. మొన్న పెళ్లి నుంచి వస్తుంటే క్యారేజీలో సాంబారు ఒలికి వెనక సీటు మీద పెద్ద పసుపు మరక పడింది. ఆన్‌లైన్‌లో ఒక ఆల్ పర్పస్ క్లీనర్ తెప్పించి కొడితే మరక పోకపోగా ఎర్రగా మారిపోయింది. సీటు కాలిపోయిందా? అసలు ఈ క్లీనర్లలో ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు టెన్షన్ పడకండమ్మా, సీటు కాలలేదు. పెళ్లిలో పారాణి ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి, పసుపులో కాస్త సున్నం కలిపితే చాలు, చూస్తుండగానే ఎర్రగా తిరిగిపోతుంది. మీ సీటు మీద జరిగింది అచ్చంగా అదే. పసుపుకి ఆ రంగునిచ్చే కర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపులోకి వస్తుంది. ఆల్ పర్పస్ క్లీనర్లు చాలావరకు క్షారాలే, అంటే సున్నం, చాకలి సోడా జాతివి. జిడ్డుని విరగ్గొట్టేది ఆ గుణమే.

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, తెల్లటి పాత నూలుగుడ్డని మామూలు నీళ్లలో తడిపి గట్టిగా పిండి, మరక మీద అద్దుతూ ముందు ఆ క్లీనర్‌ని బయటికి లాగేయండి. రుద్దకండి, రుద్దితే మరక పోగుల్లోకి ఇంకా దిగుతుంది. తర్వాత గ్లాసు నీళ్లలో ఒక చెంచా తెల్ల వెనిగర్ కలిపి అద్దితే ఎరుపు విరుగుతుంది. సాంబారులో పోపు నూనె కూడా ఉంటుంది కదా, దానికి అర లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి అద్ది, మళ్లీ మామూలు నీళ్లతో అద్ది తీసేయండి. అప్పటికీ లేత పసుపు ఛాయ మిగులుతుంది, దాన్ని ఎండకి వదిలేయండి. కర్కుమిన్ వెలుతురుకి నిలవదు, పసుపు పెట్టిన కొత్తబట్టలు ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం మనం చూసిందే. వెనక తలుపు తీసి, సీటుకి నేరుగా ఎండ తగిలేలా నాలుగైదు రోజులు కొంతసేపు పెట్టండి. ఏ క్లీనరూ చేయలేని పని ఎండ చేస్తుంది.

ఇక ఏది కొనాలి అన్నది. సీసా మీద "ఆల్ పర్పస్" అని ఉంటే కారులో అన్నిటికీ వాడొచ్చని అనుకుంటాం, అక్కడే పొరపాటు జరుగుతుంది. అదే పేరుతో టైర్లకీ ఇంజిన్ జిడ్డుకీ కొట్టే చాలా ఘాటైనవీ అమ్ముతారు, సీట్లకి పనికొచ్చే మెత్తటివీ అమ్ముతారు. తేడా తెలిసేది పీహెచ్ అంకెతో. 7 అంటే మామూలు నీళ్లలా తటస్థం, అక్కడినుంచి ఒక్కో అంకె పెరిగితే క్షారం పదింతలవుతుంది, కాబట్టి 10 కన్నా 12 వంద రెట్లు ఘాటు. కారు లోపలికి 7 నుంచి 9 మధ్య ఉన్నది చూసుకోండి, బాగా జిడ్డు పట్టిన ప్లాస్టిక్‌కి 10 దాకా ఫరవాలేదు. ఈ అంకె చాలా సీసాల మీద వేయరు, అదే బాధ. కానీ పేరున్న కంపెనీలు తమ సరుకుకి సేఫ్టీ డేటా షీట్ అని ఒక కాగితం ఇస్తాయి, అందులో 9వ భాగంలో పీహెచ్ ఉంటుంది. అది దొరకని సీసా కొనకపోవడమే మంచిది. ఎవరైనా ఇప్పటికే కొనేసి ఉంటే పీహెచ్ కాగితాలు తెచ్చి ఒక చుక్క వేసి చూడండి.

"ఘాటుదైనా ఎక్కువ నీళ్లు కలిపితే సరిపోతుంది కదా" అని చాలామంది అంటారు. పూర్తిగా నిజం కాదు. పదింతలు నీళ్లు కలిపినా పీహెచ్ తగ్గేది మహా అయితే ఒక్క అంకె, చాలా క్లీనర్లలో అంత కూడా తగ్గదు. సీటు మీద పడే మందు మోతాదు తగ్గుతుంది, అది మంచిదే, కానీ 13 ఉన్నది 7 అయిపోదు. అందుకే ముందు మెత్తటి రకం ఎంచుకుని, ఆ తర్వాత నీళ్ల సంగతి చూడాలి. కాన్‌సన్‌ట్రేట్లని, అంటే నీళ్లు కలిపి వాడే చిక్కటి మందుల్ని, కొన్నిటిని ఎక్కువ మురికికి ఒక పాలుకి నాలుగు పాళ్లు, తేలిక పనికి ఒకటికి పది కలుపుతారు. అర లీటరు స్ప్రే సీసాలో 45 మిల్లీలీటర్ల మందు పోసి మిగతాది నీళ్లు నింపితే దాదాపు ఒకటికి పది వచ్చినట్టే. ఏడాదికి రెండుసార్లు తుడిచేవాళ్లకి ఈ లెక్కలన్నీ అక్కర్లేదు, నేరుగా వాడే ఇంటీరియర్ క్లీనర్ చిన్న సీసా తెచ్చుకుంటే చాలు. బోరు నీళ్లు మాత్రం కలపొద్దండీ, మన ఊళ్లలో బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక నల్ల డ్యాష్‌బోర్డు మీద తెల్ల మచ్చలు మిగిలిపోతాయి. ఆర్‌వో నీళ్లు గానీ బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ గానీ కలపండి.

నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. ఒకసారి మా కారుని వాటర్ వాష్‌కి ఇస్తే, టైర్లకి కొట్టిన మందే నీళ్లు కలపకుండా డోర్ ప్యాడ్లకి కొట్టి, ఎండలో వదిలేసి పక్క బండి చూసుకోడానికి వెళ్లారు. తిరిగొచ్చేసరికి మందు ఆరిపోయి కారిన చారలు కారినట్టే తెల్లగా దిగిపోయాయి. బండి అమ్మేదాకా ఆ చారలు పోలేదు. అందుకే ఎప్పుడైనా నీడలో, లోపల వేడి తగ్గాక, ఒక్కో భాగమే తుడవాలి. కొట్టిన మందు ఆరకముందే తడిగుడ్డతో తీసేయాలి. కొత్త మందు ఏదైనా ముందు సీటు కింద కనబడని చోట ఒక మూల కొట్టి, ఆరాక రంగు చూసి, అప్పుడు మిగతా చోట్ల వాడండి.

ప్రశ్న: క్యాబ్ నడుపుతానన్నా. వారానికోసారైనా లోపల కడగాలి, పిల్లలు వాంతులు చేస్తారు, పాలు ఒలకబోస్తారు. అంతంత పెట్టి కారు క్లీనర్లు కొనలేను. ఇంట్లో ఉండే సర్ఫు, ఫ్లోర్ క్లీనర్, హార్పిక్, బ్లీచింగ్ వీటిలో ఏది వాడొచ్చు?
– ఒక క్యాబ్ డ్రైవర్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, నువ్వు చెప్పిన నాలుగూ వద్దు. ఖర్చు తక్కువలో కావాలంటే పసిపిల్లల షాంపూ గానీ గిన్నెల లిక్విడ్ గానీ అర లీటరు నీళ్లకి నాలుగు చుక్కలు వేసుకో, రోజువారీ తుడుపుకి అది నిజంగా సరిపోతుంది. కార్ల కంపెనీల మాన్యువల్ తీసి చూసినా చాలావాటిలో మెత్తటి సబ్బు, నీళ్లు అనే ఉంటుంది. సర్ఫు క్షారం ఎక్కువ, పైగా సీటుని బట్టల్లా జాడించలేం కాబట్టి లోపలే ఉండిపోయి మళ్లీ దుమ్ముని పట్టేస్తుంది. ఫ్లోర్ క్లీనర్ టైల్స్ కోసం చేసింది, ఏసీ వేసి తలుపులు మూసుకుని తిరిగే బండిలో ఆ వాసనకే ప్యాసింజర్లకి తలనొప్పి వస్తుంది. హార్పిక్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, సీటు కింద పట్టాలు తుప్పు పట్టడానికి అదొక్కటి చాలు. యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం, కారు లాంటి ఇరుకు చోట మరీ. ఆ రెండిటినీ ఎప్పుడూ ఒకచోట చేర్చకు. పెట్రోలు, థిన్నరు తుడిచేవాళ్లు కూడా ఉన్నారు, అవి అంటుకునే సరుకులు, మీటరు మీది పారదర్శక ప్లాస్టిక్ కూడా పగుళ్లిస్తుంది.

వాంతి, పాలు మాత్రం సబ్బుతో పోవు, పైకి పోయినట్టే ఉండి మర్నాడు ఎండకి వాసన తంతుంది. గట్టి పదార్థాన్ని అట్టముక్కతో ఎత్తేసి, తడి పీల్చేశాక ఎంజైమ్ క్లీనర్ కొట్టు, పెంపుడు జంతువుల షాపుల్లో కుక్కల మూత్రం వాసనకని అమ్ముతారే, అదే. లోపలికి ఇంకిన పాలని విరగ్గొట్టి తినేసేది అదొక్కటే, దానికి కొన్ని గంటల టైమివ్వాలి. ముఖ్యంగా దీనికన్నా ముందు డెట్టాల్ గానీ ఘాటు క్లీనర్ గానీ వేయకు, ఎంజైములు పనిచేయడం మానేస్తాయి. నీకు ఖర్చు పెట్టగలిగే సీసా ఒక్కటే అయితే, ఆల్ పర్పస్ వదిలేసి ఇది కొనుక్కో.

ఇంకోటి, క్యాబుల్లో సీటు బెల్టులు చెమటకి నల్లబడిపోయి జనం పెట్టుకోడానికే మొహమాటపడతారు. బెల్టుని పూర్తిగా బయటికి లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి, గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే వదులు. బ్లీచింగ్ గానీ రంగు గానీ తగిలితే పోగుల బలం పోతుంది, ప్రమాదంలో మనిషిని పట్టి ఆపాల్సింది ఆ పోగులే.

ప్రశ్న: స్టీరింగ్ నున్నగా మెరుస్తోంది, దానికి ఆల్ పర్పస్ క్లీనర్ వాడొచ్చా? పెద్ద టచ్ స్క్రీన్, దాని చుట్టూ నల్లగా అద్దంలా ఉండే ప్లాస్టిక్ మీద కూడా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: స్టీరింగ్ కొత్తలో మెరవదండీ. ఆ మెరుపు చేతుల జిడ్డు, తలనూనె, చెమట. ఒకటికి పది కలిపిన మెత్తటి క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని, స్టీరింగ్ మీద నేరుగా కొట్టకుండా, కొంచెం కొంచెంగా తుడవండి, స్విచ్చుల సందుల్లోకి నీరు దిగకూడదు. గుడ్డ నల్లగా వస్తుంది, స్టీరింగ్ మెరుపు తగ్గుతుంది, అదే శుభ్రపడ్డ గుర్తు. మన దగ్గర చాలా కార్లలో ఉండేది రెగ్జిన్ జాతి లెదరెట్, అది ఈ మాత్రం తట్టుకుంటుంది. అసలైన తోలు అయితే దాని స్వభావమే కాస్త పులుపు వైపు ఉంటుంది, క్షారం పడదు, లెదర్ క్లీనర్ విడిగా కొనాల్సిందే.

స్క్రీన్‌కి, నల్ల ప్లాస్టిక్‌కి ఏ క్లీనరూ వద్దు. అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రేలు స్క్రీన్ మీది పూతని తినేస్తాయి. ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, నీళ్లతో కొద్దిగా తడిపిన శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో, బరువు వేయకుండా తుడవండి. దుమ్ము మీదే పొడిగుడ్డతో రుద్దడం వల్లే ఆ సన్నటి గీతలన్నీ.

ప్రశ్న: కొత్త కారుకి అన్నవరంలో పూజ చేయించాం. డ్యాష్‌బోర్డు మీద కుంకుమ రాలింది, రూఫ్ గుడ్డకి కూడా వేళ్లతో అంటింది. తుడవాలంటే భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: భయపడి ఆగారు, మంచి పని చేశారు. కుంకుమ మీద ముందే తడిగుడ్డ పెడితే పొడి కాస్తా రంగునీళ్లయి డ్యాష్‌బోర్డు గరుకులో కూరుకుపోతుంది. పొడిగా ఉండగానే మెత్తటి పెయింట్ బ్రష్‌తో కదుపుతూ వాక్యూమ్‌తో లాగేయండి, మిగిలిన ఛాయని గుడ్డ మీద కొట్టిన మెత్తటి క్లీనర్‌తో తీయండి. రూఫ్ గుడ్డ సంగతి వేరు. అది సన్నటి స్పాంజి మీద జిగురుతో అంటించి ఉంటుంది, బాగా తడిస్తే జిగురు వదిలి గుడ్డ కిందికి వేలాడిపోతుంది. అక్కడ స్ప్రే అస్సలు వద్దు. పొడిని సెల్లో టేపుతో అద్ది ఎత్తేయండి, తర్వాత నీళ్లలో కలిపిన క్లీనర్ నురగ మాత్రమే గుడ్డ కొసకి అంటించుకుని రెండుసార్లు అద్ది, పొడిగుడ్డతో పీల్చేయండి. ఆ తర్వాత కూడా లేత ఎరుపు కనిపిస్తుంటే ఆ పూటకి ఆపి మర్నాడు మళ్లీ చేయండి.