అమ్మ తినడం లేదు, మాట్లాడటం లేదు అంటున్నారు కదా, ముందు విటమిన్ బీ12 పరీక్ష చేయించండి

నాన్నగారు పోయి ఏడాది దాటినా అమ్మ కోలుకోలేదని, పిలిస్తే గాని పలకడం లేదని, తిండి బాగా తగ్గిపోయిందని రాశారు. ఇది మనోవ్యాధా, తిండి లేక వచ్చిన నీరసమా అని అడిగారు. మా అమ్మకి రెండూ కలిసే ఉన్నాయి. అది తెలియడానికి మాకు చాలా నెలలు పట్టింది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా నాన్న పోయాక అమ్మ విజయనగరంలో ఒక్కతే ఉంటుంది, నేను విశాఖలో. రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నావా" అంటే "తినేశాను" అనేది. ఓ ఆదివారం చెప్పకుండా వెళ్ళాను. పొయ్యి మీద టీ గిన్నె, డబ్బాలో సగం బిస్కెట్ పాకెట్, ఫ్రిజ్‌లో పెరుగు, వడిలిపోయిన రెండు వంకాయలు, అంతే. "ఒక్కదాన్ని, నాకేటి వండుకోమంటావే" అంది. పైగా కూర తింటే నాలుక మండిపోతోందట. చూస్తే నాలుక ఎర్రగా, నున్నగా ఉంది.

సాయంత్రం గంటస్తంభం వైపు తీసుకెళ్ళాను. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయింది. పది అడుగులు వేసినా ఆవిడకి తెలియలేదు. నేను చూసి చెబితే, "కొన్నాళ్ళుగా దూది మీద నడిచినట్టే ఉంటోందిలే" అంది. ఈ మాట ఫోన్లో ఒక్కసారీ చెప్పలేదు. మాట్లాడకపోవడం, చెప్పింది మర్చిపోవడం, ఊరికే ఏడవడం, అన్నీ నాన్న మీద బెంగే అనుకుంటూ వచ్చాం. ఎవరో చెప్పారని బలం మాత్రలు కూడా కొనిచ్చాం.

డాక్టరుగారు బెంగ గురించి తరవాత అడిగారు, ముందు మందుల చీటీలు చూశారు. షుగర్‌కి తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, దానికి తోడు రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర. ఈ రెండూ ఏళ్ళ తరబడి వాడితే తిండిలోని బీ12 ఒంటికి సరిగా పట్టదు. బీ12 కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిలవ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు. నాన్న పోయాక అమ్మ ఏడాది నీచు ముట్టనంది, గుడ్డు కూడా మానేసింది. అప్పటికే అడుగంటిన నిలవ దాంతో పూర్తిగా అయిపోయినట్టుంది. సాధారణంగా రక్తపరీక్షలో 200 (పీజీ/ఎంఎల్) కన్నా తక్కువుంటే లోటు అంటారు, అమ్మకి 132 వచ్చింది.

నరాల మీద ఉండే పొర బాగుండాలంటే బీ12 కావాలి. అది తగ్గితే తిమ్మిర్లే కాదు, మతిమరుపు, చిరాకు, దిగులు కూడా వస్తాయి. నాలుక మండుతుంది కాబట్టి మనిషి ఇంకా తక్కువ తింటారు, లోటు ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్ళలో దీన్ని వయసు అనో, బెంగ అనో మనం వదిలేస్తాం. ఒక్క జాగ్రత్త: పరీక్ష చేయించకుండా ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఒక్కటే వాడొద్దు. రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గాని లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, మొదట రోజు విడిచి రోజు, తరవాత వారానికొకటి. నెలలోపే నాలుక మంట పోయింది, కాళ్ళు కుదుటపడటానికి నాలుగు నెలలు పట్టింది. మతిమరుపు తగ్గింది. దిగులు మాత్రం సగమే తగ్గింది. అప్పుడు మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్ళాం, ఎనిమిది నెలలు చిన్న మాత్ర వాడింది. అందుకే తిండితోనే అంతా నయమైపోతుందని నేను చెప్పను. 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మందితో ఓ అధ్యయనం చేశారు. 12 వారాలు ఆహారం మార్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మంది బాగా కోలుకున్నారు, ఊరికే కబుర్లతో తోడు దొరికినవాళ్ళలో నూటికి ఎనిమిది మంది. చిన్న అధ్యయనమే, వాళ్ళలో ఎక్కువ మంది వైద్యం కూడా తీసుకుంటూనే ఉన్నారు. అయినా నాకు ధైర్యం ఇచ్చింది.

అమ్మ చిన్నప్పటి నుంచీ తాగిన చోడి (రాగి) అంబలి మళ్ళీ మొదలుపెట్టింది, మజ్జిగ, ఉల్లిపాయతో. మంచిదే, కానీ చోళ్ళలో గాని ఆకుకూరల్లో గాని బీ12 లేదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. ఏడాది అయ్యాక నెత్తళ్ళ పులుసు తనంతట తనే వండింది, అది చూసి నాకు ఏడుపొచ్చింది. అన్నిటికన్నా పనిచేసింది పక్కింటి పిన్నిగారు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తింటారు, ఒకరోజు ఈ ఇంట్లో, ఒకరోజు ఆ ఇంట్లో. రెండో మనిషి ఉంటే అమ్మ పొయ్యి వెలిగిస్తుంది.

మీరు వెళ్ళినప్పుడు "తిన్నావా" అనకండి, "ఏం కూర వండావ్" అనండి. పాత చీటీలన్నీ తీసుకెళ్ళి బీ12తో పాటు హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించండి. బతకాలని లేదు లాంటి మాట అమ్మ నోట వస్తే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. రిపోర్టు వచ్చాక ఏం తేలిందో ఇక్కడ రాయండి.