ఊరి రాళ్లను కాపాడబోతున్న మా రమేష్‌కి

చిరంజీవి రమేష్‌కి పెదనాన్న ఆశీస్సులు.

గుడి ముందున్న శాసనాన్నీ, చెరువు గట్టు మీది వీరగల్లునీ (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయినీ) మీ కుర్రాళ్లంతా కలిసి బాగుచేద్దామనుకుంటున్నారని నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం నాయనా. పనిలోకి దిగేముందు నా మాట కొంచెం విను.

ముందు ఆ పెయింటు డబ్బాలు వెనక్కి ఇచ్చేయండి. సున్నమైనా ఎనామిలైనా భక్తితోనే పూస్తారు, కానీ అక్షరాల గాడి పూడిపోతే ఇక ఎవరూ చదవలేరు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. యాసిడ్, ఇనుప బ్రష్షు వద్దు. గుడి మరమ్మతుకు వచ్చినవాళ్లు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు, రాతి పైపొరతో పాటు శాసనమూ పోతుంది. చదవాలంటే చీకటి పడ్డాక టార్చి లైటును రాతికి పక్కనుంచి వేసి చూడు. పగలు కనిపించని గీతలు కూడా నీడతో తేలతాయి.

వీరగల్లును ఊళ్లోకి తెచ్చి సిమెంటు దిమ్మె మీద నిలబెడదామంటారు. వద్దు. అది ఏ గట్టు మీద, ఎటు తిరిగి ఉందన్నదీ చరిత్రే. కింది పలకలో ఆవులు ఉంటే పశువుల మందను కాపాడబోయి చనిపోయిన వీరుడని అర్థం. పై పలకలో సాధారణంగా అతను లింగం ముందు కూర్చుని ఉంటాడు.

ఇక లాంఛనాల సంగతి, అంటే శాసనాల మీద చెక్కే గుర్తులు. శాసనం పైన సూర్యచంద్రులు ఉంటే ఆ దానం వాళ్లు ఉన్నంతకాలం చెల్లాలని. లింగమూ నందీ ఉంటే శైవుల దానం, శంఖచక్రాలుంటే వైష్ణవులది అని చాలావరకు అనుకోవచ్చు. వరాహం కనిపించగానే మాత్రం కాకతీయులదని బోర్డు రాసేయకు. చాళుక్యులకూ విజయనగర రాజులకూ కూడా వరాహమే లాంఛనం. కాలం తేల్చాల్సింది లిపిని బట్టి. మన కడప జిల్లాలోనే కలమళ్లలో క్రీ.శ. 575 నాటి, ఈ ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది కదా, ఆ అక్షరాలు మనకు తెలిసిన తెలుగులా ఉండవు. లిపి తెలిసినవాళ్లను అడగాల్సిందే.

మన ఊరి శాసనం ఇప్పటికే అచ్చయిందేమో చూడు. కడప జిల్లా శాసనాల సంపుటాలను రాష్ట్ర పురావస్తు శాఖ వేసింది. కుంఫిణీ కాలంలో మెకంజీ దొర రాయించిన కైఫీయత్తులను, అంటే ఊళ్ల చరిత్రలను, కడపలోని సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసింది, వాటిలో మన చుట్టుపక్కల ఊళ్ల సంగతులు దొరుకుతాయి.

పుస్తకాల కంటే ముందు మాత్రం ముసలివాళ్ల దగ్గర కూర్చో. ఆ రాతికి పొంగలి పెట్టేది ఏ ఇంటివాళ్లు, ఏ నెలలో, ఆ వీరుణ్ని ఏమని పిలుస్తారు, ఇవన్నీ వాళ్ల మాటల్లోనే రికార్డు చెయ్యి. వాళ్లు చెప్పింది శాసనంతో కలవకపోతే రెండూ విడివిడిగా రాసిపెట్టు, దిద్దవద్దు.

గుప్తనిధుల పిచ్చోళ్లతో జాగ్రత్త. రాయి ఎక్కడుందో వాట్సాప్‌లో తిప్పకండి. మట్టిలో నాణేలో విగ్రహమో బయటపడితే వెంటనే తహసీల్దారుకు చెప్పండి, దాచుకుంటే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేరం.

ఫోటో తీసేటప్పుడు రాయి పక్కన స్కేలు పెట్టు. నాలుగు వైపులా తీసి నాకు పంపు, ఆదివారం ఫోన్లో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న