ప్రసారం చేసేవాళ్ల వైపు నుంచి రాయమ్మా

అమ్మా,

ఆశీస్సులు. షార్ట్‌వేవ్ రేడియో మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తాతగారి మర్ఫీ సెట్టు, మధ్యాహ్నం రేడియో సిలోన్‌లో వచ్చే తెలుగు పాటలు, దగ్గరికొచ్చి మళ్లీ దూరమైపోయే ఆ గొంతు, అన్నీ చక్కగా రాశావు. వాక్యం నీ చేతికి లొంగింది. కానీ వ్యాసం సగం దాటినా మనం ఇంకా ఆ సెట్టు ముందే కూర్చుని ఉన్నాం. ఆ గొంతు ఎక్కడ బయల్దేరింది, దాన్ని అంతదూరం పంపడానికి అక్కడివాళ్లు ఏం తంటాలు పడ్డారు అన్నదాన్ని "శక్తివంతమైన ట్రాన్స్‌మిటర్ల ద్వారా" అని మూడు మాటల్లో దాటేశావు. నువ్వు రాయాల్సిన వ్యాసం ఆ మూడు మాటల కింద ఉంది.

రేడియో విన్న జ్ఞాపకాలు తెలుగులో చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. ప్రసారం చేసేవాళ్ల వైపు నుంచి రాసినవి నాకు తక్కువే కనిపించాయి. ఆ ఖాళీ నువ్వు పూరించగలవనిపించి ఈ ఉత్తరం కాస్త పెద్దదిగానే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. విదేశాలకి ప్రసారం చేసే షార్ట్‌వేవ్ స్టేషన్‌లో పనిచేసేవాళ్లకి తమ ప్రసారం శ్రోతకి ఎలా వినిపిస్తోందో అక్కడే కూర్చుని తెలుసుకోవడం కుదరదు. నేలబారున వెళ్లే తరంగం కొన్ని పదుల కిలోమీటర్లలోనే నీరసించిపోతుంది. పైకి వెళ్లింది అయనావరణంలో, అంటే సూర్యుడి వల్ల విద్యుదావేశం పొందిన పై గాలి పొరల్లో, వంగి, వందలో వేలో కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్న ప్రాంతమంతా మూగ. డ్యూటీలో ఉన్న ఇంజనీరుకి మీటర్లన్నీ సరిగ్గానే చూపిస్తాయి, యాంటెన్నాకి పవర్ పోతూనే ఉంటుంది, కానీ వినాల్సిన దేశంలో గొంతు చేరిందో లేదో అతనికి తెలియదు. అందుకే ఈ స్టేషన్లు దూరదేశాల్లో మానిటర్లని, అంటే ప్రసారం విని ఎలా ఉందో చెప్పే మనుషుల్ని, పెట్టుకున్నాయి, శ్రోతల్ని ఉత్తరాలు రాయమని బతిమాలాయి. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల గోల, రొద, తరంగం నిలకడ, మొత్తం మీద ఎలా ఉంది అని ఐదు అంశాలకి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే సిన్పో పద్ధతి అలా వాడుకలోకి వచ్చింది. మన ఊళ్లలో కూడా ఆ రిపోర్టులు రాసి, బదులుగా రిపోర్టు సరైనదేనని స్టేషన్ పంపే రంగుల క్యూఎస్ఎల్ కార్డులు దాచుకున్న కుర్రాళ్లున్నారు. వాళ్లకది సరదా. అవతల ఉన్న ఇంజనీరుకి ఆ కాగితం తన పని ఫలించిందో లేదో చెప్పే సాక్ష్యం. నీ వ్యాసానికి వెన్నెముక ఇక్కడ దొరుకుతుందని నా నమ్మకం.

ఇక నీ ప్రతిలో ఒక తప్పు. పవర్ పెంచితే ఎంతదూరమైనా వినిపిస్తుందని రాశావు. అది దిద్దు. ఆ సమయానికి ఆ దారిలో అయనావరణం వంచగలిగిన పరిమితికి మించిన ఫ్రీక్వెన్సీ ఎంచుకుంటే, 500 కిలోవాట్లు పోసినా తరంగం అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. మరీ తక్కువ ఫ్రీక్వెన్సీ పెడితే పగటిపూట కింది పొర, అంటే 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర, దాన్ని మింగేస్తుంది. రాత్రి ఆ పొర ఉండదు, కాబట్టి 6, 7 మెగాహెర్ట్జ్‌లు చక్కగా నడుస్తాయి. మధ్యాహ్నానికి 15, 17 కావాలి. దీని మీద పదకొండేళ్ల సౌరచక్రం ఉంది. సూర్యుడి మీద మచ్చలు తగ్గిన ఏళ్లలో అయనావరణం బలహీనపడి 21 మెగాహెర్ట్జ్ బ్యాండు చాలా దారుల్లో పనికిరాకుండా పోతుంది, అందరూ కింది బ్యాండ్లలోకి వచ్చి ఒకరినొకరు తోసుకుంటారు. ఆ తోపులాట తగ్గించడానికే దేశదేశాల ఫ్రీక్వెన్సీ మేనేజర్లు ఏడాదికి రెండుసార్లు కలిసి పట్టికలు సరిచూసుకుంటారు. కొత్త పట్టిక మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం అమల్లోకి వస్తుంది. ఇంత చేసినా, సూర్యుడి మీద ఒక పెద్ద జ్వాల లేస్తే ఎనిమిది నిమిషాల్లో దాని ఎక్స్‌కిరణాలు మనల్ని చేరతాయి, పగలున్న సగం భూగోళం మీద షార్ట్‌వేవ్ ఉన్నట్టుండి మూగబోతుంది. స్టేషన్‌లో ఏదీ పాడవలేదు. బాగుచేయడానికి ఏమీ లేదు. అంత పెద్ద యంత్రాన్ని చేతిలో పెట్టుకుని ఊరికే వేచి ఉండాల్సిన మనిషి టెన్షన్ రాయి, పాఠకుడు నీ వెంట వస్తాడు.

ఇదంతా పాఠంలా చెప్పకు. నేనైతే ఫ్రీక్వెన్సీ మార్చే వేళని ఎంచుకుంటాను. సాయంత్రం ఒక ప్రసారం ముగిసింది, తర్వాతిది మరో దేశానికి, మరో బ్యాండులో. మధ్యలో ఉన్నవి కొద్ది నిమిషాలు. పాత ట్రాన్స్‌మిటర్లలో మనుషులే పట్టిక చూసుకుంటూ ఒక్కో దశని చేత్తో ట్యూన్ చేసేవారు. టవర్ల మధ్య తెరలా వేలాడే డైపోల్ అనే తీగ యాంటెన్నాల వరసల్లో ఏది ఏ దిక్కుకో చూసి, పవర్ తీసుకెళ్లే ఫీడర్ లైను మార్చాలి. తప్పు యాంటెన్నా తగిలిస్తే కార్యక్రమం వేరే ఖండానికి పోతుంది. లోపల మనిషి ఎత్తున్న అల్మారాల్లో పవర్ పెంచే వాక్యూమ్ గొట్టం, అంటే వాల్వు, వేల వోల్టుల మీద కాగుతుంటుంది. దాన్ని చల్లబరిచే నీళ్లు లవణాలు తీసేసినవై ఉండాలి, లేకపోతే ఆ నీళ్లలోంచే కరెంటు పారుతుంది. ఆ పది నిమిషాలు రాస్తే, పైన చెప్పిన శాస్త్రమంతా అడక్కుండానే అందులోకి వస్తుంది.

ఒకే ఒక స్టేషన్ కథ వివరంగా చెప్పాలంటే క్విటో ఎంచుకో. ఈక్వడార్ రాజధానిలో హెచ్‌సీజేబీ అనే మిషనరీ స్టేషన్ 1931 డిసెంబర్ 25న 250 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో మొదలైంది. తర్వాత పవర్ పెంచి, ఒకే దిక్కుకి గురిపెట్టే బీమ్ యాంటెన్నా పెట్టారు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన. యాంటెన్నా కడ్డీల కొసల్లో వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువ. పలచటి గాలి దాన్ని ఆపలేక కొసల దగ్గర మంటలా కరోనా, అంటే గాలిలోకి చిమ్మే విద్యుత్తు, లేచేది, కడ్డీ చివర్లు కరిగి కింద పడేవి. సముద్రతీరంలో హాయిగా పనిచేసే యాంటెన్నా ఆ కొండమీద తనని తానే కాల్చుకుంది! 1942 వేసవిలో క్లారెన్స్ మూర్ అనే ఇంజనీరు పొసోర్హా అనే జాలర్ల పల్లెకి సెలవుల మీద వెళుతూ యాంటెన్నా పుస్తకాలు వెంట తీసుకెళ్లాడు. కొసల దగ్గర గొడవ వస్తోందంటే అసలు కొసలే లేని యాంటెన్నా కడితే? తీగని నాలుగు పలకల చట్రంలా మూసేశాడు, వెనక తరంగాన్ని ముందుకి తిప్పే రిఫ్లెక్టర్‌గా అలాంటిదే ఇంకోటి. కరోనా పీడ వదిలింది. క్యూబికల్ క్వాడ్ పేరుతో ప్రపంచమంతా సరదాకి సొంత రేడియో కేంద్రం నడిపే హామ్ రేడియోవాళ్లు ఇప్పటికీ దాన్ని కట్టుకుంటున్నారు. ఇక్కడ తొందరపడొద్దు, నాలుగు పేజీలైనా రాయి. చోటు వల్ల పుట్టిన కష్టం, ఆ కష్టం వల్ల పుట్టిన వస్తువు, రెండూ ఒకే కథలో ఉన్నాయి. ఆ స్టేషన్‌కే క్విటో దగ్గరి పీఫోలో ఉన్న ప్రసార కేంద్రం 2009లో మూతపడింది. క్విటోకి కొత్త విమానాశ్రయం వస్తుంటే ఆ టవర్లు విమానాలకి అడ్డమయ్యాయి.

కెనడాలో సాక్‌విల్ చిత్తడి నేలల్లో ఉండిన స్టేషన్ గురించి కూడా ఒక పేరా పెట్టొచ్చు. చుట్టుపక్కల ఇళ్లలో వంటింటి సింకుల్లోంచి రేడియో మాటలు వినిపించేవని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. తుప్పుపట్టిన లోహపు అతుకు కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్‌లా పనిచేస్తే అలా జరుగుతుంది.

జామింగ్ గురించి, అంటే ప్రసారం వినిపించకుండా దాని మీద రొద వేయడం గురించి, నువ్వు కోపంగా రాశావు. కోపం ఉండనీ, కానీ అవతలివాళ్ల ఎత్తుకి ఇంజనీర్లు వేసిన పైఎత్తు కూడా చెప్పు. సోవియట్ యూనియన్ పశ్చిమ దేశాల ప్రసారాల మీద రొద వేసేది, 1980ల చివరిదాకా. వినాల్సిన ఊరికి తూర్పున, దూరంగా ఉన్న జామర్ల వైపు ముందుగా చీకటి పడుతుంది. అటువైపు నుంచి ఎక్కువ ఫ్రీక్వెన్సీలు ఇక ప్రయాణించలేవు. పడమటి నుంచి వచ్చే దారిలో ఇంకా వెలుగుంటుంది కాబట్టి అసలు ప్రసారం మాత్రం అందుతుంది. రోజూ సాయంత్రం కాసేపు దొరికే ఆ సందు కోసం ఫ్రీక్వెన్సీలు లెక్కలు వేసి పెట్టేవారు. నగరాల్లో స్థానిక జామర్లు ఉండటంతో అక్కడ ఇది అంతగా సాగేది కాదు, పల్లెల్లో వినగలిగేవాళ్లు. ఇది తెలిశాక ఆ కోపానికి బలం పెరుగుతుంది.

కరెంటు బిల్లు మర్చిపోకు. 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ మాట గట్టిగా ఎక్కే పూర్తి మాడ్యులేషన్‌లో పదిలక్షల వాట్లకి పైనే లాగుతుంది. మాట్లాడని క్షణాల్లో, మాటని మోసుకెళ్లే క్యారియర్ తరంగాన్ని తగ్గించే పద్ధతులు కనిపెట్టింది ఈ ఖర్చు తట్టుకోలేకే. 2012లో కెనడా, నెదర్లాండ్స్ రెండూ తమ షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేశాయి. "ఇంటర్నెట్ వచ్చి చంపేసింది" అని నువ్వు రాసిన వాక్యం సగమే నిజం. బడ్జెట్ కోత గురించీ రాయి.

పుస్తకాలతో సరిపెట్టుకోకు. ఆకాశవాణి విదేశీ ప్రసారాల కోసం బెంగళూరు దగ్గర 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు ఆరు పెట్టింది. ఆకాశవాణిలో పనిచేసి రిటైరైన ఇంజనీర్లు మన ఊళ్లలో ఉంటారు. వెళ్లి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అని మాత్రం అడక్కు, గొప్పలే వస్తాయి. వానాకాలంలో ముందుగా ఏది పాడయ్యేది, రాత్రి షిఫ్టులో దేనికి భయపడేవారు, విడిభాగం దొరక్కపోతే ఏం చేసేవారు, ఇలా అడుగు. విన్న మాటల్ని విన్నట్టే రాసుకో. వాళ్లు పరికరాల్ని ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే వాడు, నిఘంటువు మాటలు తెచ్చి అతికించకు.

ఈసారి మొత్తం పంపక్కర్లేదు. క్విటో భాగం, ఫ్రీక్వెన్సీ మార్చే సాయంత్రం, ఈ రెండూ రాసి పంపు. చతురస్రం యాంటెన్నాకి ఒక బొమ్మ వేయించు, మాటలతో అది కుదరదు. 17 మెగాహెర్ట్జ్ అని రాసిన చోట 16 మీటర్ల బ్యాండు అని కూడా రాయి, పాత శ్రోతలు తరంగం పొడవుతో, మీటర్లలోనే గుర్తుపడతారు. నెలాఖరులోగా అందితే వెంటనే చదివి, దిద్దుబాట్లతో తిప్పి పంపుతాను.

నీ మేలు కోరే,
పెద్దనాన్న వరస రచయిత