అడగండి చెప్తం: వాళ్లు దాటిపోయిన్రు, కార్డు నాకు పడ్డది

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కాజీపేట, ప్రైవేట్ జాబ్, రెండేండ్ల సంది ట్రయాథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఒకదాని ఎనుక ఒకటి ఉండే రేసు) కోసం ప్రాక్టీస్ చేస్తున్న. పోయిన నెల ఒక ఒలింపిక్ డిస్టెన్స్ రేసుల, 1.5 కిలోమీటర్ల ఈత అయినంక 40 కిలోమీటర్ల సైకిల్ మీద ఉన్న, సగం దాటినంక ఎనుక నుంచి ఒక గుంపు వచ్చింది, ఆరుగురు, ఒకలకొకలు అంటుకొని నన్ను దాటిపోయిన్రు. నా స్పీడ్ల నేను పోతున్న, ఎవ్వరెంట పడలే. అంతల్నే రిఫరీ బండి మీద వచ్చి డ్రాఫ్టింగ్, అంటే ముందటోని చాటుకు గాలి తప్పించుకొని తొక్కుతున్నవ్ అని నాకు కార్డు చూపెట్టిండు, 2 నిమిషాల పెనాల్టీ. ఆ గుంపుల ముందటోళ్లకు ఏం కాలే. అప్పీల్ చేస్త అంటే దీనికి అప్పీల్ లేదన్నరు. తప్పు వాళ్లది, శిక్ష నాది, ఇదేం న్యాయం అన్నా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. రెండేండ్లు తెల్లారకముందే లేచి ప్రాక్టీస్ చేసినోనికి గట్ల కార్డు చూపెడ్తే కడుపు మండుతది, ఆ బాధ నాకు తెలుసు. ఆ గుంపు చేసింది మోసమే, అందుల డౌటే లేదు, దాని సంగతి కూడా చెప్త. కానీ నీకు కార్డు ఎందుకు పడ్డదో నువ్వు రాసిన దాంట్లనే ఉన్నది, "నా స్పీడ్ల నేను పోతున్న" అన్నవ్ చూడు, గదే.

డ్రాఫ్టింగ్ రూల్ శానా మందికి సగమే తెలుసు, ముందటోని ఎనుక అంటుకోవద్దు, ఇంత దూరం ఉండాలె అని. రెండో సగం ఏందంటే, నిన్ను ఎవరన్న దాటి వాళ్ల ముందు చక్రం నీ ముందు చక్రం కన్నా ముంగటికి పోయిందంటే అప్పటి నుంచి ఆ జాగ వాళ్లది, ఎనుకకు జరుగుడు నీ పని. దాటినోడు వచ్చి నీ ముంగట్నే స్లో అయినా సరే, ముందుగాల నువ్వు పూర్తిగ ఆ దూరం బయటికి రావాలె, తర్వాతనే మళ్ల దాటొచ్చు. ఆరుగురు దాటిన్రంటే ఆరో వాని ఎనుక కూడా నువ్వే దూరం ఇయ్యాలె. వినడానికి అన్యాయం లెక్కనే ఉంటది గానీ ఆలోచించు, ముందటోడు ఎనుకకు చూస్కుంట సైకిల్ నడపలేడు గదా, ముంగట ఏం ఉన్నదో కనిపించేది ఎనుకటోనికే, అందుకే బాధ్యత ఎనుకటోని మీద పెట్టిన్రు.

ఆ దూరం ఎంత అంటే, ముందటోని ముందు చక్రం అంచు నుంచి నీ ముందు చక్రం అంచు దాకా కొలుస్తరు. వరల్డ్ ట్రయాథ్లాన్ రూల్స్ ప్రకారం నువ్వు చేసినసొంటి ఒలింపిక్ డిస్టెన్స్‌ల, ఇంకా చిన్న రేసులల్ల 10 మీటర్లు. 2019ల గోవాల మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 (మూడు కలిపి 70.3 మైళ్ల రేసు) అసొంటి పెద్ద దూరాలల్ల, అంటే 90 కిలోమీటర్ల సైకిల్ ఉండేటియల్ల, 12 మీటర్లు. క్రికెట్ పిచ్ యాదికి తెచ్చుకో, స్టంపుల నుంచి స్టంపుల దాకా 20 మీటర్ల చిల్లర, 10 మీటర్లంటే అందుల సగం అన్నట్టు. సైకిల్ పొడుగు ఇంచుమించు 1.7 మీటర్లు ఉంటది కాబట్టి ముందటోని ఎనుక చక్రానికి నీ ముందు చక్రానికి నడుమ 5 సైకిళ్లు పట్టాలె, 12 మీటర్ల రేసయితే 6. నేను కొత్తోళ్లను గ్రౌండ్ల నిలబెట్టి 10 మీటర్లు ఎంతనో చూపెట్టమంటే అందరు నాలుగైదు మీటర్ల కాడనే ఆగుతరు. నువ్వు ఒకసారి దోస్తును తీస్కొని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు పో, టేపుతోని కొలిచి సుద్దతోని గీతలు గీసి, ఒక గీత మీద ఆయన సైకిల్, ఇంకో గీత మీద నీ సైకిల్ పెట్టి హ్యాండిల్ మీద వంగి చూడు, ఆ కొలత కండ్లల్ల పడిపోవాలె, రేసుల ఎవ్వరు టేపు తెచ్చియ్యరు.

ఇగ దాటుడు. ఆ 10 మీటర్లల్లకు వచ్చినవంటే 20 సెకండ్లల్ల దాటి బయట పడాలె, 12 మీటర్ల రేసుల 25 సెకండ్లు. లెక్క కట్టి చూడు, 20 సెకండ్లల్ల 10 మీటర్లు ఎక్కువ పోవాలంటే వాని కన్నా గంటకు 1.8 కిలోమీటర్ల స్పీడ్ ఎక్కువుంటే సాలు. అంటే రెండు కిలోమీటర్లన్న ఎక్కువ పోయే దమ్ము కాళ్లల్ల ఉంటేనే లోపలికి పోవాలె, లేకుంటే బయటనే ఉండాలె, సగం దాక పోయి మనసు మార్చుకునుడు ఉండదు.

అదే లెక్క నీకు కూడా పనికొస్తది. నిన్ను ఒకడు దాటిండు అనుకో, జర పెడల్ లైట్‌గ కొట్టి అంతే స్పీడ్ తగ్గిస్తే 20 సెకండ్లల్ల 10 మీటర్లు ఎనుకకు వస్తవ్. గంటకు 33 స్పీడ్ల పోయేటోనికి 10 మీటర్లు అంటే ఒక్క సెకండు చిల్లర. గుంపుకు గుంపు దాటినా పోయేది నాలుగైదు సెకండ్లు, నీకు పడ్డది 2 నిమిషాలు. నువ్వు స్పీడ్ తగ్గించకుండ అట్లనే పోయినవ్ కాబట్టి రిఫరీకి నువ్వు ఆ గుంపుల ఏడో మనిషి లెక్క కనిపించినవ్. నేను ఒక రేసుల రిఫరీ బండి మీద ఎనుక కూసొని నంబర్లు రాసుకున్న, ఎనుక నుంచి వచ్చినప్పుడు మొదలు కనిపించేది చివరోడే, వాడు మెల్లగ ఎనుకకు జారుతున్నడా లేక సేమ్ స్పీడ్ల ఉన్నడా అని కొద్దిసేపు చూస్తరు, జారుతున్నోని నంబర్ మేం రాయలే. అప్పీల్ సంగతి కూడా నిజమే, డ్రాఫ్టింగ్ అనేది రిఫరీ కండ్లతోని చూసి ఇచ్చే తీర్పు, దాని మీద అప్పీల్ ఉండదు. ఒక్క మాట, ఎయిడ్ స్టేషన్‌కు (నీళ్లు, తిండి ఇచ్చే జాగ), ట్రాన్సిషన్‌కు (ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే జాగ) అటు ఇటు 100 మీటర్లల్ల, ఇంకా బాగ మలుపు తిరిగే కాడ దగ్గరికి వస్తే తప్పు కాదు, అక్కడ భయపడి సడన్ బ్రేక్ కొట్టకు.

ఇప్పుడు ఆ ఆరుగురి సంగతి. ఇది నిజంగ నాకు మస్తు బాధ పెట్టే విషయం. మనం వానకాలం మొదట్ల మడికొండ దాటి జనగామ దిక్కు తొక్కుతుంటే పడమటి గాలి ఎదురుగ ఎట్ల కొడ్తదో నీకు తెలుసు, సదరంగ ఉన్న రోడ్డు మీద 30 స్పీడ్ దాటినంక మన బలం ఎక్కువ పోయేది గాలిని చీల్చనీకే. గాలిని నూకే పవర్ స్పీడ్‌కు ఘనం లెక్కల పెరుగుతది, 30 నుంచి 36కు పోవాలంటే గాలికే 70 శాతం పైన ఎక్కువ బలం పెట్టాలె. గదే ముందటోని చక్రానికి అంటుకుంటే పావు వంతు నుంచి మూడో వంతు దాకా బలం మిగులుతది. మిగిలిన బలం ఏడికి పోతది? తర్వాత 10 కిలోమీటర్ల పరుగుల బయట పడ్తది. అంటే ఒంటరిగ గాలి తిన్న మనిషి పరుగుల నడుస్తుంటే వీళ్లు తాజా కాళ్లతోని దాటిపోతరు, మెడల్ వీళ్లకొస్తది. బండి కింద కుక్క బండిని తనే గుంజుతున్న అనుకున్నట్టు, గుంపుల నడుమ కూసున్నోడు కూడా ఆ స్పీడ్ తనదే అనుకుంటడు. వాడు దొంగిలించింది రిఫరీ దగ్గర కాదు, ఎనుక ఎవ్వరి ఆసరా లేకుండ ఒక్కడే వస్తున్న తోటి మనిషి దగ్గర. నువ్వు గట్ల చెయ్యలే, అది నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తున్నది, అందుకే ఇంత వివరంగ రాసిన. ఇంకోసారి గుంపు దాటితే ఎడమ పక్కకే ఉండి, పెడల్ ఆపి, వాళ్లను పోనీ.

ప్రశ్న: సర్, నేను కరీంనగర్‌ల డిగ్రీ చదువుతున్న, మానేరు డ్యామ్ రోడ్డు మీద సైకిల్ ప్రాక్టీస్ చేస్త. ఒలింపిక్స్ వీడియోల అందరు గుంపుగనే తొక్కుతున్నరు, మరి మాకెందుకు వద్దంటరు? మా గ్రూపుల మగపిల్లల ఎనుక తొక్కితే స్పీడ్ వస్తది, రేసుల కూడ అట్లనే చెయ్యొచ్చా?

జవాబు: చెల్లే, మంచి ప్రశ్న. రెండు రకాల రేసులున్నయ్. ట్రయాథ్లాన్ ఒలింపిక్స్‌లకు 2000ల సిడ్నీల వచ్చింది, అప్పటి సంది అక్కడ డ్రాఫ్టింగ్‌కు పర్మిషన్ ఉన్నది. అది వేరే ఆట అన్నట్టే, ఈతల ముందు రాకుంటే ముందు గుంపు దొరకదు, సైకిల్ కూడా మామూలు రోడ్ బైకే, ముంగటికి పొడుసుకొచ్చే ఏరో బార్లు పెట్టనియ్యరు, ఎందుకంటే గుంపుల వాటి మీద పండుకొని నడిపితే బ్రేక్ అందదు, ఒకడు పడ్తే పదిమంది పడ్తరు. వాళ్లు చిన్నప్పటి సంది గుంపుల నడుపుడు నేర్చుకున్నోళ్లు. మనసొంటోళ్లు పోయే రేసులల్ల ఎక్కువ డ్రాఫ్టింగ్ వద్దనే రాసి ఉంటది, రిజిస్టర్ చేసే ముందు రూల్స్‌ల ఆ ఒక్క లైన్ చూస్కో.

ఇంకోటి గుర్తు పెట్టుకో, డ్రాఫ్టింగ్‌కు పర్మిషన్ ఉన్న రేసుల కూడా ఆడపిల్ల మగోళ్ల ఎనుక, మగోడు ఆడోళ్ల ఎనుక పోవద్దు, అది తప్పే. నీ పోటీ ఇంకో అమ్మాయితోని, నువ్వు ఒక అబ్బాయి చాటుకు పోతే ఆమెకు అన్యాయం అయినట్టు గదా. ప్రాక్టీస్‌ల గ్రూపుతోని తొక్కు, మంచిదే, గుంపుల నడుపుడు కూడ వస్తది, కానీ వారంల కనీసం ఒక రోజు ఒక్కదానివే గాలికి ఎదురుగ తొక్కు, రేసుల ఉండే అసలు కష్టం గదే, అది అలవాటు లేకుంటే 40 కిలోమీటర్లు శానా దూరం అనిపిస్తది.

ప్రశ్న: తమ్మీ, మాది పరకాల. మా కొడుకు ఏదో ట్రయాథ్లాన్ అని పొద్దుగాల సైకిల్ ఏస్కొని పోతడు. ట్రాక్టర్ ట్రాలీ ఎనుక పోతే మస్తు స్పీడ్ వస్తది అని ఇంట్ల చెప్పిండు. నాకు భయమైతుంది. ఇది ఆ ఆటల ఉంటదా?

జవాబు: అక్కా, ఉండదు. రేసుల బండి చాటుకు సైకిల్ నడిపితే పెద్ద తప్పు, అది ఎవ్వరు నేర్పరు, నేర్పొద్దు కూడా. నువ్వు భయపడేదాంట్ల అర్థమున్నది. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాలీలు చూస్తవ్ గదా, ఎనుక లైటు ఉండదు, బ్రేకు ఎప్పుడు కొడ్తడో తెల్వదు, ట్రాలీ అడ్డముంటే ముంగట గుంత కూడ కనిపించది, ఆ దగ్గర ఆగనీకె సగం సెకండు కూడ దొరకదు. ఈ రోజే చెప్పు, ట్రాలీ గానీ బస్సు గానీ లారీ గానీ కనిపిస్తే ఆగి పోనియ్యమను, సైకిల్‌కు ఎనుక ఎర్ర లైటు పెట్టియ్యి, హెల్మెట్ బెల్టు పెట్టుకోనిదే గేటు దాటనియ్యకు, రేసుల కూడ బెల్టు పెట్టుకోకుంట స్టాండు మీది నుంచి సైకిల్ ముట్టనియ్యరు అని చెప్పు, వింటడు. పైన కాజీపేట తమ్మునికి రాసిన జవాబు కూడ వానితోని చదివియ్యి, స్పీడ్ ఎట్ల పెంచాల్నో అడగాలనుకుంటే నాకే రాయమను.