కార్నౌబానా, సింథటికా? బండి పెయింట్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అన్నగారూ, నాది రెండేళ్ల నల్ల కారు. పగలంతా నీడ లేని చోటే నిలబడుతుంది. వ్యాక్స్ చేద్దామంటే ఒకరు కార్నౌబా అంటున్నారు, ఇంకొకరు అది పాత పద్ధతి, సింథటిక్ వాడమంటున్నారు. నేను చూసిన డబ్బా మీద ‘నూరు శాతం స్వచ్ఛమైన కార్నౌబా’ అని ఉంది. తప్పుది వాడితే పెయింట్ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏది వాడతారు?

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఈ రెండింట్లో ఏది పూసినా పెయింట్ పాడవదు. సరిగా కడగకుండా, దుమ్ము మీదే గుడ్డ పెట్టి రుద్దితే మాత్రం పాడవుతుంది. పెయింట్ బూత్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. వ్యాక్స్ వల్ల చెడిపోయిన కారు నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. రుద్దడం వల్ల చెడిపోయినవి ఎన్ని వచ్చాయో లెక్కలేదు.

కార్నౌబా అనేది తాటిజాతి చెట్టు. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో, సియారా, పియావి లాంటి రాష్ట్రాల్లో పెరుగుతుంది. అక్కడ ఎండ ఎక్కువ, వానలు కొన్ని నెలలే. ఆకులోని తడి ఆవిరైపోకుండా ఆ చెట్టు ఆకు మీద తనే సన్నని మైనం పొర కట్టుకుంటుంది. విసనకర్రలా విచ్చుకునే ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, కొట్టి దులిపితే మైనం పొడిలా రాలుతుంది. దాన్ని కరిగించి, వడగట్టి, గడ్డ కట్టిస్తారు. ఎండలో తడిని కాపాడడానికి ఒక చెట్టు తయారుచేసుకున్న పూత మన బండికి పనికొస్తోందంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఆ మైనం ముక్కను నేను చేత్తో పట్టుకుని చూశాను. లేత పసుపు రంగు, రాయిలా గట్టిది. నలిపితే నలగదు, వంచితే పెళుసుగా విరుగుతుంది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరిగిపోతే, ఇది 82 దాటాకే కరుగుతుంది. మందుబిళ్లల పైపూతలోనూ, లిప్‌స్టిక్‌లోనూ దీన్ని వాడతారు.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. అంత గట్టి పదార్థాన్ని ఉన్నదున్నట్టు కారు మీద ఎవరూ పూయలేరు. మెత్తబడడానికి అందులో సాల్వెంట్లు (కరిగించే ద్రవాలు), నూనెలు, వేరే మైనాలు కలపాల్సిందే. కాబట్టి ‘నూరు శాతం’ అంటే వాళ్లు కలిపిన కార్నౌబా అసలైనదని అర్థం చేసుకోవాలి గానీ, డబ్బా నిండా అదే ఉందని కాదు. ‘సింథటిక్’ అని రాసి ఉన్న చాలా పేస్టుల్లో కూడా కొంత కార్నౌబా ఉంటుంది. మనుషులు వాదించుకున్నంత దూరంగా ఈ రెండూ లేవు.

తేడా ఎక్కడుందంటే, కార్నౌబా పెయింట్ మీద ఊరికే పరుచుకుని ఉంటుంది. సింథటిక్‌లో ఉండేవి పాలిమర్లు, అంటే ఫ్యాక్టరీలో తయారైన గొలుసుల్లాంటి రసాయనాలు, ఎక్కువగా సిలికాన్ రకాలు. అవి పెయింట్‌ను పట్టుకుని, ఆరేకొద్దీ ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అందుకే వాటికి ఆరే సమయం ఇవ్వాలి. కొన్నింటిని పూశాక పన్నెండు గంటలో, ఒక రోజో తడి తగలనివ్వకూడదు. డబ్బా మీద రాసి ఉంటుంది, చదవండి.

నా సొంత కారు ముదురు మెరూన్ రంగుది. ఒకసారి బానెట్‌కు నడిమధ్యలో మాస్కింగ్ టేప్ వేసి, ఎడమవైపు కార్నౌబా, కుడివైపు సింథటిక్ పూశాను. టేప్ తీసేసి, తెలిసిన ముగ్గురిని పిలిచి ఏది ఏదో చెప్పమన్నాను. ముగ్గురూ ఒకే మాట చెప్పలేదు. ముదురు రంగు మీద కార్నౌబా కొంచెం లోతుగా, తడిగా కనబడుతుందని నాకు అనిపిస్తుంది. అయితే ఆ ముగ్గురినీ చూశాక దాన్ని పెద్ద తేడా అని మాత్రం రాయలేను. మెరుపులో ఎక్కువ భాగం కింద ఉన్న పెయింట్ ఎంత నున్నగా ఉందన్న దాని నుంచే వస్తుంది.

అసలు తేడా తర్వాత తెలిసింది. వ్యాక్స్ పనిచేస్తున్నంత కాలం నీళ్లు పెయింట్ మీద బొట్లుగా నిలుస్తాయి. ఆరో వారానికి ఎడమవైపు నీళ్లు బొట్లు కట్టడం మానేసి పరుచుకోవడం మొదలైంది. కుడివైపు నాలుగో నెల దాకా బొట్లు నిలబడ్డాయి. ఇది ఒక కారు, ఒక మనిషి లెక్క. మీ కారుకు కొంచెం అటూ ఇటూ అవుతుంది. మొత్తం మీద కార్నౌబాకు వారాల ఆయుష్షు, సింథటిక్‌కు నెలల ఆయుష్షు అనుకోండి.

మీది నల్ల కారు, ఎండలో నిలబడేది. నల్ల బానెట్ మండుటెండలో 70 డిగ్రీల దాకా వేడెక్కగలదు. అసలు కార్నౌబా ఆ వేడికి కరగకపోయినా, నూనెలు కలిపిన డబ్బా మైనం అంత గట్టిది కాదు. మీ స్థానంలో నేనుంటే సింథటిక్ వాడతాను. వారానికోసారి బండి మీద చేయి వేయడం మీకు ఇష్టమైతే, సింథటిక్ పూర్తిగా ఆరాక దాని మీద కార్నౌబా పూసుకోండి. ఈ వరస మాత్రం తిప్పవద్దు. నేను మొదట్లో ఒకసారి కార్నౌబా మీద సింథటిక్ పూశాను. దానికి పట్టుకోవడానికి పెయింట్ దొరకలేదు. మూడు వారాల్లో మచ్చలు మచ్చలుగా పోయింది, మొత్తం తీసి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ప్రశ్న: పోయిన సంచికలో కార్నౌబా మెరుపు గురించి మీరు రాసింది చదివి, ఒక ఆదివారమంతా కూర్చుని పూశాను. ఐదు వారాలకే నీళ్లు బొట్లు కట్టడం ఆగిపోయింది. నాసిరకం డబ్బా వచ్చిందా?

జవాబు: డబ్బా మంచిదే. మెరుపు గురించి రాసి, ఎన్నాళ్లు ఉంటుందో రాయకపోవడం నా పొరపాటు. మీ ఆదివారం అలా పోయినందుకు బాధగా ఉంది, అందుకే ఈసారి లెక్కతో సహా పైన రాశాను.

అయినా మళ్లీ పూసే ముందు ఒక పరీక్ష చేయండి. బొట్లు కట్టడం ఆగిందంటే వ్యాక్స్ పోయిందనే కాదు. చాలాసార్లు దాని మీద పొగ, జిడ్డు, సన్నని మట్టి కలిసి ఒక పొర కడతాయి. కారు షాంపూతో బాగా కడిగి, తుడవక ముందు పైపుకు ముక్కు తీసేసి నెమ్మదిగా నీళ్లు వదలండి. అప్పుడు బొట్లు వస్తే వ్యాక్స్ ఉన్నట్టే, మళ్లీ పూయనక్కర్లేదు. నీళ్లు దుప్పటిలా పరుచుకుని అక్కడే నిలబడితే పోయినట్టు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడుగుతుంటే మాత్రం ఈ రోజే ఆపండి. అది జిడ్డును వదిలించడానికి తయారైంది. కార్నౌబాలో కలిపిన నూనెలు కూడా దానికి జిడ్డే.

బొట్లు చూసి మరీ మురిసిపోవద్దని కూడా చెప్పాలి. బోరు నీళ్లలాంటి ఉప్పు నీళ్లు బొట్లుగానే ఎండలో ఆరితే, ప్రతి బొట్టు దగ్గరా ఒక తెల్లని గుండ్రని మచ్చ మిగులుతుంది. వ్యాక్స్ ఉన్నా కడిగిన వెంటనే తుడవాలి. పిట్టరెట్ట కూడా అంతే. వ్యాక్స్ మీకు కొన్ని గంటల సమయం ఇస్తుంది, అంతకు మించి ఆపలేదు. తడిగుడ్డ కాసేపు దాని మీద వేసి, నానాక ఎత్తెయ్యండి, రుద్దకండి.

ప్రశ్న: వ్యాక్స్ చేయించిన రోజు కారు అద్దంలా ఉంది. నెల తిరిగేసరికి ఎండలో సాలెగూడు లాంటి గీతలు మళ్లీ కనబడుతున్నాయి. చేసినవాళ్లు మోసం చేశారా?

జవాబు: మోసం అనను, చెప్పాల్సింది చెప్పలేదంటాను. గీతలు ఎక్కడికీ పోలేదు. వ్యాక్స్‌లోని నూనెలు, పూరకాలు వాటిలో నిండి కొన్నాళ్లు కనబడకుండా చేశాయి. నిజంగా పోవాలంటే పాలిష్ చేయాలి. పాలిష్ అంటే పూయడం కాదు, రంగు మీద ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్‌ను చాలా సన్నగా అరగదీయడం.

ఇక్కడ నా మాట కొంచెం గట్టిగా ఉంటే ఏమీ అనుకోవద్దు. ఆ క్లియర్ కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా సన్నం. ఎండ నుంచి రంగును కాపాడే పదార్థాలు ఉండేది ఆ పొరలోనే. ఏడాదికి రెండుసార్లు మెషిన్‌తో రబ్బింగ్ చేయిస్తూ పోతే, ఒక రోజు బానెట్ అంచుల దగ్గర ఆ పొర అయిపోతుంది. తర్వాత ఏ వ్యాక్సూ కాపాడలేదు, మళ్లీ పెయింట్ వేయాల్సిందే. అలా వచ్చిన కార్లకు నేనే రంగు వేశాను. యజమాని శ్రద్ధగా చూసుకున్న బండే ఆ శ్రద్ధ వల్ల పాడైందని చెప్పాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది.

కాబట్టి ఒక్కసారి మంచి చేతికిచ్చి పాలిష్ చేయించండి. ఆ తర్వాత కొత్త గీతలు పడకుండా కడగండి. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్ పెట్టుకోండి. కింద పడిన మైక్రోఫైబర్ గుడ్డను ఉతికేదాకా మళ్లీ పెయింట్ మీద పెట్టకండి. ఆరిన దుమ్మును పొడిగుడ్డతో దులిపే అలవాటు ఉంటే మానేయండి. ఆ సాలెగూడు అల్లింది అదే.

ప్రశ్న: గీత పడిన డోర్‌కు పోయిన వారం కొత్తగా పెయింట్ వేయించాను. కారు మొత్తానికి వ్యాక్స్ చేయవచ్చా?

జవాబు: ఆ డోర్ వదిలేసి మిగతా కారుకు చేసుకోండి. రిపేరులో వేసే పెయింట్ పైకి ఆరినట్టున్నా, లోపలి సాల్వెంట్లు వారాల తరబడి నెమ్మదిగా బయటికి వస్తుంటాయి. దాని మీద మూత పెట్టకూడదు. అరవై నుంచి తొంభై రోజులు ఆగమని నేను చెప్పేవాణ్ని. మీ పెయింటర్ వాడిన పెయింట్‌కు కంపెనీ ఏం చెప్పిందో అడిగితే ఇంకా మంచిది. ఈ లోపల కడగవచ్చు, మెత్తగా. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త కారుకు ఈ నియమం లేదు. అక్కడ పెయింట్‌ను దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, వచ్చిన రోజే వ్యాక్స్ చేయవచ్చు.

ముందు ముందు ఏ భాగానికైనా పెయింట్ వేయించేటప్పుడు, కారుకు సింథటిక్ పూశానని పెయింటర్‌కు తప్పకుండా చెప్పండి. సిలికాన్ కొంచెం మిగిలినా కొత్త రంగు అక్కడ నిలవదు, గుండ్రంగా పక్కకు జరిగి గుంటలు పడతాయి. మేం దాన్ని ఫిష్ ఐ అంటాం. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల రెండు రోజుల పని మొత్తం గీకేసి మళ్లీ చేశాను.

ప్రశ్న: నా బైక్‌కు కూడా ఇవే పనికొస్తాయా? ట్యాంకు మ్యాట్ రంగు.

జవాబు: మ్యాట్ రంగుకు రెండూ వద్దు తమ్ముడూ. అక్కడక్కడా మెరుపు మచ్చలు తేలతాయి, మళ్లీ పోగొట్టడం కష్టం. మ్యాట్ కోసమని రాసి ఉన్నదే వాడండి. మెరిసే ట్యాంకు ఉన్నవాళ్లు సింథటిక్ పూసుకోవచ్చు, కానీ పెట్రోలు ఒలికితే ఆ చోట వ్యాక్స్ పోతుంది. వెంటనే తుడిచి, ట్యాంకు మూత చుట్టూ మళ్లీ పూయండి.

ప్రశ్న: మొదటిసారి నేనే చేశాను. తుడుస్తుంటే రాలేదు, చేతులు నొప్పెట్టాయి. బంపర్ మీది నల్ల ప్లాస్టిక్‌కు తెల్లగా పట్టేసింది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ఎక్కువ పూశారు, ఎండలో పూశారు. చూడకుండానే చెప్పగలను, అందరూ మొదటిసారి అదే చేస్తారు.

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. కడిగి ఆరాక చేతికి పల్చని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద నిమరండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కూడా గరుకు తెలుస్తుంది. గరుకుంటే, మురికిని లాగేసే మెత్తని బంకముద్ద క్లే బార్‌తో, బాగా తడి చేసుకుంటూ ముందు అది తీయండి. తర్వాత స్పాంజ్ మీద గోరంత తీసుకుని ఒక డోర్ మొత్తానికి సరిపెట్టండి. పూసింది కనబడీ కనబడనట్టు ఉండాలి. మందంగా పూస్తే ఎక్కువ రోజులు ఉండదు, మిగిలినదంతా మీరు తుడిచి పారేసేదే. రెండో పూత వేసేది కూడా మొదటిసారి వదిలేసిన చోట్లు దొరకడానికే.

తుడవచ్చో లేదో వేలితో ఒక గీత గీసి చూడండి. గీత శుభ్రంగా పడితే సిద్ధం, పామినట్టయితే ఇంకాస్త ఆగండి. కార్నౌబాను ఒక్కో భాగం పూసి తుడుచుకుంటూ వెళ్లడం మేలు. ఎక్కువసేపు ఆరిందంటే మీకు జరిగిందే జరుగుతుంది. అప్పుడు బలం పెట్టకుండా, ఆ చోటే మళ్లీ కొంచెం వ్యాక్స్ పూసి వెంటనే తుడవండి. పాతది మెత్తబడి దానితో పాటు వచ్చేస్తుంది.

నల్ల ప్లాస్టిక్ మీద తెలుపుకు మెత్తటి పాత టూత్‌బ్రష్, గోరువెచ్చని షాంపూ నీళ్లు వాడండి. రెండు మూడుసార్లు చేయాలి. ఈసారి డబ్బా తెరిచే ముందే ఆ అంచుల వెంట మాస్కింగ్ టేప్ వేసేయండి.