ల్యాండ్‌లైన్, నెట్, టీవీ మూడూ మార్చాలంటే ఏది ముందు, ఏది తర్వాత?

ప్రశ్న: నల్లగొండ రామగిరిలో ఇల్లు. బీఎస్ఎన్ఎల్ పాత రాగితీగ ల్యాండ్‌లైన్, దాని మీదే బ్రాడ్‌బ్యాండ్, రెండూ కలిపి నెలకు 800 దాకా బిల్లు. రెండు టీవీలకు డీటీహెచ్ 620. ఫైబర్‌కు మారి ఖర్చు తగ్గించుకోవాలని ఉంది. నాన్న నంబరు పోవద్దంటున్నారు, అమ్మకు సీరియళ్లు ఆగొద్దు. ఎట్ల చేస్తే మంచిది?

జవాబు:

ముందు నాన్నగారి నంబరు సంగతి తేల్చండి. ఏ కంపెనీ తీసుకోవాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మొబైల్ నంబరులా ల్యాండ్‌లైన్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకుపోయే వీలు మన దేశంలో లేదు. 08682 కోడ్ ఉన్న మీ నంబరు బీఎస్ఎన్ఎల్‌ది. జియోకో ఎయిర్‌టెల్‌కో మారితే ఫైబర్‌తో పాటు వాళ్లు కొత్త నంబరు ఇస్తారు, పాతది పోతుంది. అదే నంబరు ఉండాలంటే బీఎస్ఎన్ఎల్‌లోనే రాగితీగ నుంచి ఫైబర్‌కు మార్పించుకోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు ‘పాత ల్యాండ్‌లైన్ నంబరుతో ఫైబర్‌కు మార్పు’ అని స్పష్టంగా రాసి, నంబరు వేసి, రసీదు తీసుకోండి. ఉత్త ‘ఫైబర్ కనెక్షన్ కావాలి’ అని రాస్తే కొత్త నంబరుతో కొత్త కనెక్షన్ వస్తుంది. రాగితీగ బిల్లు మాత్రం వెనక నడుస్తూనే ఉంటుంది, రెండు మూడు నెలల తర్వాత బకాయి నోటీసు చూసి ఉలిక్కిపడాలి.

అసలు ఆ నంబరు అవసరం ఎంత? ఫోన్ పక్కన ఒక కాగితం పెట్టి, రెండు వారాలు ఎవరెవరు చేశారో రాయించండి. లోన్ ఇస్తామనేవాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు తప్ప ఎవరూ లేకపోతే నాన్నే ‘తీసెయ్’ అంటారు. ఊళ్లో పెద్దలు, పాత స్నేహితులు చేస్తున్నారంటే ఉంచండి, దానికి వెల కట్టలేం. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, బీమా పాలసీలో ఆ నంబరే ఉంటే తీసేయకముందే మార్పించాలి.

ఇక లెక్క. ప్రకటనలో కనిపించే ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 499 ప్లాన్ అంటే చేతి నుంచి పోయేది 588.82. ఏడాదికి 7,066. బీఎస్ఎన్ఎల్‌లోనూ ఎయిర్‌టెల్‌లోనూ ప్రాథమిక ఫైబర్ ప్లాన్లు ఈ 499 దగ్గరే ఉంటూ వచ్చాయి, జియోలో 399 నుంచి ఉన్నాయి. ప్లాన్లు మారుతుంటాయి కాబట్టి ఆ రోజు ధర ఆ కంపెనీ యాప్‌లోనే చూడండి, ఏజెంట్ చీటీ మీద కాదు. ఫోన్ కాల్స్ వీటిలో కలిసే వస్తాయి. ఇప్పుడు మీకు నెట్, టీవీ కలిపి నెలకు 1,420, ఏడాదికి 17,040 అవుతోంది. 499 ఫైబర్, ఒక్క టీవీకి 300 కేబుల్ అనుకుంటే ఏడాదికి 10,666. మిగిలేది 6,374. అందులోంచి మొదటి ఏడాది ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ వచ్చి చేరే, మోడెం లాంటిది), బిగింపు, కరెంటు పోతే దాన్ని నడిపే చిన్న యూపీఎస్ ఖర్చు తీసేయాలి.

యూపీఎస్ ఎందుకంటే, రాగితీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఫైబర్ ఫోన్ అట్ల కాదు, ఓఎన్‌టీ ఆరిపోతే నెట్‌తో పాటు ఫోనూ చచ్చిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్‌లో ఉన్న ప్లగ్గుకే ఓఎన్‌టీ పెట్టించండి. లేకపోతే 12 వోల్టుల రౌటర్ యూపీఎస్ 1,000 నుంచి 1,500 మధ్య దొరుకుతుంది, కొనేముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద 12 వోల్టులేనా, ఎన్ని ఆంపియర్లు అని చూసుకోండి. పాత ఫోన్ సెట్టు పారేయొద్దు, ఓఎన్‌టీ వెనక ఫోన్ సాకెట్ ఉంటే అదే పనికొస్తుంది.

కంపెనీ పేరు కన్నా మీ గల్లీలో వైరు ఎవరిది, తెగితే ఎవరు వస్తారన్నది ముఖ్యం. మన దగ్గర బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ను చాలాచోట్ల స్థానిక భాగస్వాములే లాగుతారు, ఎక్కువసార్లు ఆయన ఆ వీధి కేబులాయనే. బిల్లు బీఎస్ఎన్ఎల్‌ది, రిపేరు ఆయనది. కాబట్టి పక్కింటివాళ్లను ‘స్పీడ్ ఎంత వస్తుంది’ అని అడగొద్దు, ‘పోయినసారి వైరు తెగితే ఎన్ని గంటలకు వచ్చిండు’ అని అడగండి. కోతులు, రోడ్డు వెడల్పు పనులు, ఎత్తుగా లోడేసిన గడ్డి ట్రాక్టర్లు: మన ఊళ్లలో ఫైబర్ తెగేది వీటితోనే. ఇంకో మాట, 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్ కరెంటు ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు తీసేయడం మొదలైంది. మీ ఇంటికి వచ్చే వైరు కరెంటు స్తంభం మీదుగా వస్తుందా, వేరే దారినా అని అడగండి. కరెంటు తీగలకు ఆనుకుని లాగుతుంటే ఒప్పుకోవద్దు.

బిగించే రోజు ఇంట్లో ఎవరైనా ఉండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. టెక్నీషియన్ దగ్గర ఫైబర్‌లో వచ్చే కాంతి బలం కొలిచే పవర్ మీటర్ ఉంటుంది, ఇంట్లోకి వచ్చిన ఫైబర్ కొసన రీడింగ్ చూపించమనండి. మైనస్ 18, మైనస్ 20 డీబీఎం అయితే బాగున్నట్టు. మైనస్ 25 దాటితే ఆ రోజు నెట్ నడుస్తుంది గానీ ఒక జాయింటు కాస్త పాడైతే చాలు, పోతూ వస్తూ ఉంటుంది. అలాంటప్పుడు జాయింటు మళ్లీ వేయమనండి, సంతకం ఆ తర్వాతే. ఫైబర్‌ను గుమ్మం మూలలో మడిచి మేకు కొడితే కాంతి అక్కడే ఆగిపోతుంది. మలుపు కనీసం అరచేతి వెడల్పు గుండ్రంగా ఉండాలి. ఓఎన్‌టీ ఇంటి మధ్యలో, టీవీకి దగ్గరగా పెట్టించండి. పాత రాతిగోడల ఇళ్లలో వైఫై ఒక గోడ దాటేసరికి సగం అవుతుంది, మూల గదిలో పెడితే ‘ఫైబర్ వేస్ట్’ అని తిట్టుకోవడమే మిగులుతుంది. నలుగురున్న ఇంటికి 40 ఎంబీపీఎస్ బాగా సరిపోతుంది. 100, 200 అంటూ ఏజెంట్ ఎక్కిస్తే ఎక్కొద్దు. స్పీడ్ పరీక్ష ల్యాన్ వైరు పెట్టి చేయాలి, వైఫై మీద చేస్తే అది మీ గోడలకు పరీక్ష.

తర్వాత ఎప్పుడైనా ఓఎన్‌టీ మీద ‘లాస్’ (LOS) అనే ఎర్ర లైటు వెలిగితే అది సాధారణంగా లైన్ తప్పు, మీ వైఫై తప్పు కాదు. ఓఎన్‌టీకి పెట్టిన ఫైబర్ ఆకుపచ్చ కొసను ఒకసారి తీసి గట్టిగా పెట్టి చూడండి, కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. అయినా ఎర్రగానే ఉంటే ఫిర్యాదు ఇవ్వడమే. ఇంట్లో సీసీ కెమెరాలు ఉంటే ముందే చెప్పండి: ఎక్కువ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్‌లో ఇంటి చిరునామా లాంటిది) చాలా ఇళ్లకు పంచుతాయి కాబట్టి పాత పద్ధతిలో బయటి నుంచి చూసే డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ డబ్బా) తెరుచుకోదు. తయారీ కంపెనీ క్లౌడ్ యాప్‌లోకి మార్చాలి.

గోడకు డబ్బా బిగించి 5జీ మీద ఇచ్చే ఎయిర్ ఫైబర్ గురించి: వైరు రాని కాలనీకి మంచిదే, కానీ టవర్‌కూ ఇంటికీ మధ్య లతీఫ్ సాబ్ గుట్టో, అపార్ట్‌మెంటో అడ్డముంటే సిగ్నల్ తగ్గుతుంది, అందరూ నెట్ వాడే రాత్రి ఎనిమిదికి ఆ తేడా తెలుస్తుంది. ఫైబర్ వస్తుంటే ఫైబరే.

టీవీకి వద్దాం. రెండో టీవీకి ఛానెళ్ల డబ్బు మళ్లీ పడుతుంది, నెట్‌వర్క్ ఛార్జీ కూడా ఎంతో కొంత పడుతుంది. 2024 జులై దాకా ఆ నెట్‌వర్క్ ఛార్జీ 200 ఛానెళ్లకు నెలకు 130 రూపాయలకు మించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పరిమితి ఉండేది, జీఎస్టీతో 153.40. ఆ పరిమితి ఎత్తేశారు, ఇప్పుడు ఆపరేటర్‌ను బట్టి మారుతుంది, కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే. అదే ఛానెల్‌ను హెచ్‌డీలోనూ మామూలుగానూ రెండుసార్లు తీసుకున్నారేమో చూడండి, చూసేది ఒకటే. అమ్మ చూసే నాలుగైదు ఛానెళ్ల పేర్లు రాసుకుని, మిగతా ప్యాక్‌లు తీసేసి, రెండో డబ్బా ఆపితే కంపెనీ మారకుండానే 620 బాగా కిందికి వస్తుంది. రెండో టీవీ స్మార్ట్ టీవీ అయితే ఫైబర్ మీద యాప్‌లతో నడిపించండి.

పూర్తిగా యాప్‌లకే మారదామా? స్టార్ మా జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగు జీ5లో, జెమిని సన్ నెక్స్ట్‌లో దొరుకుతాయి. మూడింటికీ కడితే ఆదా కరిగిపోతుంది. పైగా నెట్ పోయిన రోజు ఫోనూ టీవీ రెండూ పోతాయి. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే ఛానెల్ రావాలనుకునే వాళ్లకు కేబులో డీటీహెచ్చో ఒక్కటి ఉంచడమే నయం. డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ ఖర్చు లేదు, యాదగిరి, సప్తగిరి వస్తాయి, కానీ సీరియళ్లు చూసే ఇంటికి అది సరిపోదు. డీటీహెచ్ డబ్బా వేరే కంపెనీకి పనికిరాదని గుర్తుంచుకోండి. కేబులాయన డబ్బాకు డిపాజిట్ తీసుకుంటే రసీదు మీద డబ్బా సీరియల్ నంబరు రాయించండి.

మీరు అడగనిది ఒకటి. ఇంకొంత మిగిలేది అమ్మానాన్నల మొబైళ్ల దగ్గర. ఇంట్లో వైఫై ఉన్నాక వాళ్లకు రోజుకు 2 జీబీ ప్యాక్ ఎందుకు? ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరి నుంచి డేటా లేని కాల్స్, మెసేజీల ప్యాక్‌లు వచ్చాయి, ఆ ఏడాది 84 రోజులకు 448, 469 ఇలా ఉండేవి. అప్పట్లో అదే 84 రోజులకు డేటా ప్యాక్ 800 పైమాటే. ఆ లెక్కన ఇద్దరికీ కలిపి ఏడాదికి దాదాపు 3,000 మిగులుతుంది. కానీ బయట కూరగాయల దగ్గర ఫోన్‌పే కొట్టాలంటే డేటా ఉండదు. నాన్న బయట తిరిగే మనిషైతే అమ్మ ఫోన్‌కు మాత్రమే చేయండి. మొబైల్ కంపెనీ కూడా మార్చాలనుకుంటే 1900కు పోర్ట్ మెసేజ్ పంపాలి, వచ్చే కోడ్ 4 రోజులే చెల్లుతుంది. ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్ పోతుంది కాబట్టి వ్యాలిడిటీ చివరి వారంలో చేయండి.

పని చేసే క్రమం ఇది. ఫైబర్ ముందు పెట్టించండి. మొదటిసారి నెలకో మూడు నెలలకో కట్టండి, ఏడాదికి కట్టొద్దు, బిగింపు ఉచితమని ఆశపెట్టినా సరే. డబ్బు కంపెనీ యాప్‌లోనే కట్టండి, చేతికి ఇస్తే లెక్క ఉండదు. పదిహేను రోజులు ఆగకుండా నడిస్తే అప్పుడు డీటీహెచ్ రెండో డబ్బా రీచార్జి ఆపండి, ఉన్న రోజులు అయిపోనిచ్చి. మొబైల్ ప్యాక్‌లు ఆ తర్వాత. నాన్న నంబరు వద్దనుకుని వేరే కంపెనీకి పోయినట్టయితే పాత లైన్ సరెండర్ అన్నిటికన్నా చివర.

సరెండర్ అంటే బిల్లు కట్టడం మానేయడం కాదు. కస్టమర్ సర్వీస్ సెంటర్‌కు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దరఖాస్తు, గుర్తింపు కార్డు, చివరి బిల్లు కట్టిన రసీదు, రద్దు చేసిన చెక్కు, కంపెనీవాళ్లిచ్చిన మోడెం పట్టుకెళ్లాలి. కనెక్షన్ తాతగారి పేరున ఉండి ఆయన లేకపోతే మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం అడుగుతారు. మోడెం ఇచ్చినట్టు విడిగా రాయించుకోండి, లేదంటే డిపాజిట్‌లో దాని ఖరీదు కోస్తారు. నిబంధన ప్రకారం మిగిలిన డిపాజిట్ 45 రోజుల్లో ఖాతాకు రావాలి. రాకపోతే కంపెనీ ఫిర్యాదు నంబరుకు చెప్పి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే సంఖ్య) తీసుకోండి, తేలకపోతే అదే కంపెనీ అప్పీలు అధికారికి రాయండి, అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. డాకెట్ నంబరు లేకుండా పై మెట్టెక్కితే మళ్లీ మొదటికే పంపుతారు.